నాన్నగారి పడవకు మళ్లీ ఆ నీలం రావాలంటే

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లాలో ఒక మత్స్యకార గ్రామం. నేను బయట ఉద్యోగం చేస్తున్నాను, సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. మా నాన్న 14 ఏళ్ల కిందట కట్టించుకున్న ఫైబర్ పడవ ఉంది. 28 అడుగులు. కొత్తలో దూరం నుంచే గుర్తుపట్టేంత ముదురు నీలం. ఇప్పుడు సున్నం పూసినట్టు తెల్లబారిపోయింది. చెయ్యి ఆనిస్తే పొడి అంటుతోంది. ఇంతవరకు పైన వేరే రంగు వేయలేదు. రంగుల కొట్టులో అడిగితే ఎనామిల్ కొట్టేయమన్నారు. పక్కింటి మామయ్య కొబ్బరినూనెలో కిరోసిన్ కలిపి రుద్దితే చాలంటున్నాడు. వెల్డింగు పని చేసే స్నేహితుడు గ్రైండర్‌తో పైపొర లేపేద్దాం అంటున్నాడు. వేట నిషేధం ముగియడానికి ఇంకా నెలన్నర ఉంది. ఈలోగా నేనే నా చేతులతో దీన్ని బాగుచేయగలనా? నాన్నకు చెప్పకుండా చేసి చూపించాలని ఉంది.

జవాబు:

తమ్ముడూ, చేయగలరు. ఆ ముగ్గురి సలహాల్లో ఒక్కటీ పాటించకపోతే ఇంకా బాగా చేయగలరు. నాన్నగారికి చెప్పకుండా అన్నారే, ఆ మాట దగ్గరకు చివర్లో వస్తాను.

ముందు ఒక చిన్న పరీక్ష. చెంబుడు మంచినీళ్లు తీసుకెళ్లి పడవ పక్కభాగం మీద ఒకచోట పోసి, మెత్తటి గుడ్డతో ఒక తుడుపు తుడవండి. తడి ఆరేలోపు అక్కడ పాత నీలం కనిపిస్తుందేమో చూడండి. పడవ ముక్కు సముద్రం వైపు పెట్టి ఒడ్డున నిలుపుకునే అలవాటైతే, మన తీరంలో మధ్యాహ్నపు ఎండంతా కుడి పక్కన పడుతుంది. అందుకని ఈ పరీక్ష కుడి పక్కనే చేయండి. తడిసినంతసేపు నీలం వచ్చి, ఆరగానే మళ్లీ తెల్లబడితే సంతోషించండి. మీ పడవ రంగు ఎక్కడికీ పోలేదు. పైన పాడైన పలచని పొర కింద అలాగే ఉంది.

ఎందుకంటారా? ఇంటికైతే గోడ కట్టాక రంగు వేస్తాం. ఫైబర్ పడవకు రంగే ముందు. అచ్చు లోపలి వైపున మొదట జెల్‌కోట్, అంటే రంగు కలిపిన రెజిన్ పూత, పూస్తారు. అది గట్టిపడుతుండగా దాని మీద గాజునార మ్యాట్ పరిచి రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పోస్తారు. పొర మీద పొర వేసి, చివర్లో అచ్చు నుంచి పడవను ఊడదీస్తారు. కాబట్టి మీరు చూస్తున్న నీలం తర్వాత పూసినది కాదు, పడవ చర్మం. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. నోటుపుస్తకం కాగితాలు అయిదు దొంతరగా పెడితే ఎంతో అంత. పద్నాలుగేళ్ల ఎండకు ఆ చర్మం పైభాగంలో రెజిన్ చితికిపోయింది. దాన్ని పట్టుకుని ఉన్న రంగు రేణువులు విడివడ్డాయి. మీ చేతికి అంటుతున్న పొడి అదే. ఉపరితలం సన్నని గుంటలతో గరుకెక్కింది గనుక పడిన వెలుతురు నలుదిక్కులా చెదిరి, మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు ఆ గుంటల్లో నిండగానే చెదరడం తగ్గుతుంది, లోపలి నీలం కనిపిస్తుంది.

మామయ్యగారి కొబ్బరినూనె పనిచేసేదీ సరిగ్గా ఇలాగే. నూనె గుంటల్లో నిండుతుంది, ఒక వారం పడవ నిగనిగలాడుతుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ నీళ్లు కాసేపట్లో పోతే నూనె కొన్నాళ్లకు పోతుంది, అంతే తేడా. ఈలోగా ఇసుకనూ దుమ్మునూ పట్టుకుని జిడ్డుకడుతుంది. రేపెప్పుడైనా రంగు వేయాలన్నా, అతుకు వేయాలన్నా ఆ జిడ్డు మీద ఏదీ నిలవదు. దయచేసి వద్దు.

గ్రైండర్ మాటకు వస్తే, నాకు ఇక్కడ గట్టిగా చెప్పాలని ఉంది. వెల్డింగు షాపుల్లో వాడే నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి పదివేలకు పైగా తిరుగుతుంది. మీ దగ్గర ఉన్నది అయిదు కాగితాల మందం. అందులో పాడైనది పైకాగితంలో కొంత. ఆ కొంతను తీయడానికి ఆ యంత్రం పెడితే, మీరు కన్ను ఆర్పేలోపు అయిదు కాగితాలూ దాటి గాజునార కనిపిస్తుంది. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఒక పడవ అంచు మీద ఇలాగే జరిగింది. యంత్రం నా చేతిలోనే ఉంది. అరచేతి వెడల్పున నీలం పోయి గోధుమరంగు మ్యాట్ బయటపడింది. మళ్లీ జెల్‌కోట్ పూసి, రుద్ది, పక్క నీలంతో కలిసేలా చేయడానికి మూడు రోజులు పట్టింది, అయినా ఆ మచ్చ తెలుస్తూనే ఉంది. ఈ పనిలో ఒక్క సంగతి గుర్తుంటే చాలు: రుద్దిన ప్రతిసారీ పడవ చర్మం కొంత ఖర్చవుతుంది. ఎంత తక్కువ ఖర్చుతో మెరుపు వస్తుందో అంతే ఖర్చుపెట్టండి.

మెరుపు మొదలుపెట్టేముందు పడవ ఆరోగ్యం చూడండి. ఒక పెద్ద రూపాయి బిళ్లతోనో స్క్రూడ్రైవర్ పిడితోనో అడుగడుగునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది. లోపల పొరలు విడిపోయినచోట శబ్దం డొల్లగా, మెత్తగా వస్తుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మోటారు బిగించే వెనక చెక్కను మరింత జాగ్రత్తగా తట్టండి. చాలా పడవల్లో అక్కడ ఫైబర్ లోపల ప్లైవుడ్ ఉంటుంది, బోల్టు రంధ్రాల గుండా నీళ్లు దిగితే బయటికి తెలియకుండా కుళ్లుతుంది. బోల్టు బిగిస్తుంటే గోధుమరంగు నీళ్లు చిమ్మితే, మెరుపు సంగతి పక్కనపెట్టి ముందు మంచి ఫైబర్ మేస్త్రిని పిలవండి. ఇంకొకటి నాన్నగారినే అడగాలి. ఒడ్డు మీదకు లాగడానికి మునుపటికంటే ఎక్కువమంది కావాల్సి వస్తోందా? తేలడానికి లోపల నింపిన ఫోమ్ నీళ్లు పీల్చుకుంటే పడవ బరువెక్కుతుంది. ఇది కంటికి కనిపించదు, తోసేవాళ్ల భుజాలకే తెలుస్తుంది.

అణియం (పడవ ముక్కు) దగ్గరా, మోటారు చుట్టూ సాలెగూడులాంటి సన్నని నెర్రెలు ఉండవచ్చు. గోటికి తగలకపోతే భయం లేదు. గోరు దిగబడితే మాత్రం రుద్దితే పోవు, వాటిని విడిగా పూడ్చాలి.

ఇక పని. పడవను సాధ్యమైనంత ఎగువకు లాగించి పైన నీడ వేయండి. నాలుగు సరుగుడు వాసాలు, కొబ్బరి మట్టలు చాలు. ఎండలో కాగిన ఫైబర్ మీద ఏ మందూ సరిగా పనిచేయదు, పూసిన నిమిషానికే ఎండి పెళ్లలు కడుతుంది. అరచేయి హాయిగా ఆనించగలిగినంత చల్లగా ఉన్నప్పుడే చేయాలి. ఈ నెలల్లో అంటే ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు. రోజుకు మూడు గంటలు పెట్టుకోండి.

మొదటిరోజు కడగడమే. బట్టల సబ్బుపొడి కలిపిన నీళ్లతో, మెత్తని బ్రష్‌తో. అణియం మీద ఏళ్ల తరబడి పూజల్లో పెట్టిన పసుపు సబ్బునీళ్లు తగలగానే ఎర్రగా మారుతుంది. నెత్తురు కారినట్టు కనిపించి గుండె గుభేలుమంటుంది. కంగారుపడకండి, క్షారం తగిలితే పసుపు అలాగే ఎర్రబడుతుంది, ఏమీ పాడవలేదు. మిగిలిన పసుపు మరక ఎండకే వెలిసిపోతుంది. ఇనుప మేకులు, గొలుసుల దగ్గర తుప్పు మరకలు ఉంటే ఆగ్జాలిక్ యాసిడ్ పొడిని నీళ్లలో కలిపి గుడ్డతో అద్ది, పావుగంట ఉంచి బాగా కడగండి. అది విషం. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి, పిల్లలకు అందకూడదు. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం పడవ దగ్గరకు రానివ్వకండి.

ఆఖరున ఉప్పులేని నీళ్లతో కడగాలి. మీ ఊరి బోరునీళ్లు ఉప్పగా ఉంటే రెండు డ్రమ్ముల మంచినీళ్లు తెప్పించుకోవడం దండగ కాదు. ఉప్పు స్ఫటికాలు రేపు రుద్దే ఉప్పుకాగితం (శాండ్‌పేపర్) కింద ఇరుక్కుంటే గీతలు పడతాయి. రేపు రంగు వేయాల్సి వస్తే అవే రంగు కింద పొక్కులవుతాయి.

రెండోరోజు పడవంతా మీదేసుకోకండి. అందరికీ కనిపించని చోట, అడుగు పొడవు అడుగు వెడల్పు ముక్క ఎంచుకుని చుట్టూ మాస్కింగ్ టేపు అంటించండి. కార్లకు రంగువేసే షాపుల్లో దొరికే రబ్బింగ్ కాంపౌండ్‌ను గుడ్డతో గుండ్రంగా గట్టిగా రుద్ది చూడండి. అంతమాత్రానికే మెరుపు వస్తే ఉప్పుకాగితం ముట్టుకోనక్కరలేదు. రాకపోతే 1000 నంబరు వాటర్ పేపరుతో (తడిగా రుద్దే ఉప్పుకాగితం, నంబరు తగ్గేకొద్దీ ముతక) తడి చేస్తూ రుద్ది, ఆపైన కాంపౌండ్ పట్టించండి. అప్పటికీ రాకపోతే 600. మీరు చెప్పిన తీరు చూస్తే 600 దాకా దిగాల్సి వస్తుందని నా అంచనా. 400 కంటే ముతకది వద్దు. కింది మెట్టు నుంచి పైకి కాదు, పై మెట్టు నుంచి కిందికి దిగాలన్నమాట. ఈ ఒక్క అడుగు ముక్క మీ పడవకు ఏం కావాలో చెప్పేస్తుంది.

రుద్దే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అందం వచ్చేదీ చెడేదీ ఇక్కడే. కాగితాన్ని వేళ్లతో నొక్కి రుద్దితే వేళ్లున్నచోట గాడులు పడతాయి. చదునుగా ఉన్నచోట చెక్కముక్కకు చుట్టండి. ఒంపు తిరిగినచోట పాత హవాయి చెప్పు అడుగు కోసి దానికి చుట్టండి, ఒంపుతోపాటే వంగుతుంది. మొదలుపెట్టేముందు ఆ ముక్క మీద పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీయండి. గీతలన్నీ చెరిగిపోయాయంటే అంతటా సమానంగా రుద్దినట్టు. చెరిగాక ఆ నంబరుతో ఇంకొక్క రుద్దు కూడా వద్దు. 600తో అడ్డంగా రుద్దితే 800తో నిలువుగా, 1000తో మళ్లీ అడ్డంగా, 1500తో నిలువుగా రుద్దండి. అప్పుడు వెనకటి కాగితం గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. ఒక నంబరు దాటవేస్తే ఆ గీతలు పాలిష్ అయ్యాక ఎండలో తేలతాయి.

బకెట్‌లో నీళ్లు, పక్కన గుడ్డ. కాగితం ఆరనివ్వకండి. మొదట కారే నీళ్లు చిక్కగా, మజ్జిగలో కాస్త నీలిమందు కలిపినట్టుగా ఉంటాయి. అది చచ్చిన పొర. రుద్దుతుండగా పలచబడి, చివరికి నిజమైన నీలిరంగు నీళ్లు కారతాయి. మంచి చర్మం తగిలిందన్నమాట, అక్కడ ఆపండి. ఎక్కడైనా లోపల నారలాంటి అల్లిక నీడగా కనిపిస్తే వెంటనే చెయ్యి తీసేయండి. అంచులు, మూలల మీద జెల్‌కోట్ మరీ పలచగా ఉంటుంది, వాటికి ముందే టేపు వేసి, ఆఖరున 1500 కాగితంతో రెండు మూడు సార్లు సుతారంగా తాకించండి చాలు. తడిగా రుద్దితే పొడి లేవదు. ఎక్కడైనా పొడిగా రుద్దాల్సివస్తే ఎన్95 మాస్కు, కళ్లద్దాలు లేకుండా ఒద్దు. ఫైబర్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

రెండడుగుల పొడవు ముక్కలుగా పంచుకుంటే మీ పడవకు ఒక్కో పక్క 14 ముక్కలు, రెండు పక్కలా 28. ముక్కకు గంటన్నర అనుకున్నా, ఇద్దరు కలిసి రోజుకు మూడు గంటలు పనిచేస్తే ఏడెనిమిది ఉదయాలు. నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. మీకు మిగిలిన నెలన్నరలో ఇది నింపాదిగా అయిపోతుంది. జూన్ మొదటి వారంలోపు ముగించేలా చూసుకోండి, తర్వాత వానలు ఎప్పుడు పట్టుకుంటాయో చెప్పలేం.

కాగితం పని అంతా అయ్యాక పడవ మీకు నిరుత్సాహం కలిగిస్తుంది. నీలంగానే ఉంటుంది, కానీ మందకొడిగా, పలకమీద తడి ఆరినట్టు ఉంటుంది. ఇక్కడే చాలామంది చెడిపోయిందనుకుని రంగు డబ్బా తెరుస్తారు. ఆగండి. కాంపౌండ్ పట్టించాకే నీలం లేస్తుంది. కారు రంగుల షాపులో పాలిషింగ్ మెషిన్ అద్దెకు అడగండి, వేగం తగ్గించుకునేది కావాలి. ఉన్ని ప్యాడ్ వేసి నిమిషానికి 1000 చుట్ల దగ్గర మొదలుపెట్టండి, 1500 దాటకండి. ఒకచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. మధ్యమధ్య అరచేత్తో తాకి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే ఆపాలి. యంత్రం పట్టే ముందు చుట్టూ ఇసుక, చేతులు, పడవ అన్నీ పొడిగా ఉండాలి. తడి ఇసుక మీద అతుకుల వైరు పరిచి పని చేయవద్దు. షాక్ కొడితే సరఫరా ఆపేసే బ్రేకర్ ఉన్న బోర్డు నుంచే కరెంటు తీసుకోండి. యంత్రం దొరకకపోతే చేత్తోనూ అవుతుంది, భుజాలు నొప్పి పుడతాయి, రోజులు రెండింతలవుతాయి.

ఆపైన మైనం. కర్నూబా మైనం ఉన్న పాలిష్ అడిగి తీసుకోండి. పలచగా పూసి, మంచుపట్టిన అద్దంలా మసకబారాక శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఇలా రెండుసార్లు. ఎండకు అడ్డుపడేది ఇక ఈ మైనమే, ఇది లేకపోతే మీ శ్రమ కొద్ది నెలల్లోనే మళ్లీ పొడిగా రాలిపోతుంది. ఏడాదికి రెండుసార్లు, నిషేధంలో ఒకసారి, సంక్రాంతి ముందు ఒకసారి పట్టిస్తే మళ్లీ కాగితం పట్టే అవసరం ఏళ్లపాటు రాదు. ఒక్క హెచ్చరిక. మైనం బయటి పక్కలకే. లోపల నిలబడేచోట, వల లాగేటప్పుడు కాలు ఆనించే అంచు మీద ఒక చుక్క కూడా వద్దు. అల మీద తడికాలు జారితే మనిషి సముద్రంలో ఉంటాడు. అడుగుభాగానికీ అక్కరలేదు, ఇసుక మీద ఈడ్చే పడవకు అడుగు మెరవాల్సిన పనిలేదు.

గోరు దిగే నెర్రెలు, పెచ్చులూడిన చోట్లు పూడ్చడానికి అదే నీలం కలిపిన జెల్‌కోట్ కొద్దిగా తెచ్చుకోండి. దీన్ని కాగితం పనికంటే ముందే చేయాలి. దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డ్‌నర్ నూటికి ఒకటి రెండు పాళ్లకు మించవద్దు. పూశాక గాలి తగిలితే పైన జిగురు ఆరదు, అందుకని మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పి టేపు వేసి, గట్టిపడ్డాక తీయండి. కొట్టువాళ్లు కోబాల్ట్, హార్డ్‌నర్ అని రెండు సీసాలు ఇస్తే ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకండి. మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. ముందు ఒకటి జెల్‌కోట్‌లో పూర్తిగా కలిపాకే రెండోది. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, కళ్లద్దాలు పెట్టుకున్నాకే మూత తీయండి.

తడిగుడ్డ పరీక్షలో నీలం రాకపోయినా, పక్కలనిండా నార అల్లిక కనిపిస్తున్నా అప్పుడు రంగు తప్పదు. అది కూడా ఎనామిల్ కాదు. ఎనామిల్ చవక, కానీ ఫైబర్‌కు గట్టిగా పట్టుకోదు, వల రాపిడికి పెచ్చులు లేస్తుంది. ఎపాక్సీ ప్రైమర్ మీద రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురెథేన్ రంగు మన్నుతుంది. దాన్ని రోలర్‌తో, బ్రష్‌తోనే వేయండి. గన్‌తో కొడితే ఆ తుంపర పీల్చినవారికి ఉబ్బసం పట్టుకోవచ్చు, మామూలు మాస్కు దాన్ని ఆపదు. అయితే ఒకసారి రంగు వేసిన పడవకు కొన్నేళ్లకొకసారి రంగు వేస్తూనే ఉండాలి. ఉన్న చర్మంతో ఇంకొన్నేళ్లు గడిచే అవకాశం ఉన్నప్పుడు అంత తొందర ఎందుకని నా అభిప్రాయం. పైగా తీర భద్రత కోసం రాష్ట్రాలవారీగా పడవల రంగులు నిర్ణయించారు కాబట్టి, రంగు మార్చాలనుకుంటే ముందు మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి.

రుద్దే ముందే పడవ మీది రిజిస్ట్రేషన్ నంబరును దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి ఫోటో తీసి, అక్షరాల ఎత్తు, అంచు నుంచి దూరం కొలిచి రాసుకోండి. పని పూర్తయ్యాక అదే చోట, అదే కొలతలో మళ్లీ రాయించాలి. నంబరు లేకుండా నీటిలో దించవద్దు.

ఇప్పుడు నాన్నగారి సంగతి. అణియం మీద ఆయన రాయించుకున్న పేరు ఉండే ఉంటుంది, అమ్మవారిదో, ఇంట్లో ఎవరిదో. ఆ అక్షరాల రంగు ఇన్నేళ్లూ కింది జెల్‌కోట్‌కు గొడుగు పట్టింది. అక్షరాన్ని మెల్లగా గీకితే దాని కింద, అచ్చం ఆ అక్షరం ఆకారంలోనే, కొత్త పడవనాటి నీలం కనిపిస్తుంది. మీరు రుద్దుతూ ఎక్కడికి చేరాలో చెప్పే కొలత మీకు దొరికేది అక్కడే. కానీ ఆ పేరు మీద కాగితం పెట్టే హక్కు మీది కాదు, ఆయనది. ఏ గీత ఏ రాయికి తగిలి పడిందో, ఏ అతుకు ఏ మేస్త్రి వేశాడో తెలిసినవారూ ఆయనే. మీరు సుద్దతో గుర్తుపెట్టిన డొల్ల చోట్లలో సగానికి ఆయన దగ్గర కారణం ఉంటుంది. అందుకని అడుగు ముక్క ఒక్కటి మీరు గుట్టుగా చేయండి. మెరుపు తెప్పించి, మైనం పట్టించి, మర్నాడు ఉదయం ఆయన్ను తీసుకొచ్చి టేపు ఊడదీయండి. మిగిలిన పడవంతా ఎలా చేయాలో ఆయన కూర్చుని చెబుతారు, బహుశా రెండో చెప్పుముక్క ఆయనే అడిగి తీసుకుంటారు. అణియం మీది పేరు గీకే పని, తిరిగి రాసే పని ఆయనకు వదలండి.

అడుగు ముక్క ఫోటో, తడిలో ఒకటి, ఆరాక ఒకటి, నాకు పంపండి. 600 కావాలో 1000 సరిపోతుందో చూసి చెబుతాను.